గ్రంథాలయానికొచ్చిన జీడికొమ్మ

లీలా గారి పమిటకి భుజం దగ్గర ఎప్పుడూ ఒక పిన్నీసు ఉంటుంది. ఆ పిన్నీసుకి ఒక తాళంచెవి ఉంటుంది. నర్సీపట్నం చింతలవీధి శాఖా గ్రంథాలయంలో తక్కిన తాళంచెవులన్నీ గోడ మేకుకి వేలాడతాయి, ఇదొక్కటి మాత్రం లైబ్రేరియన్ గారికే వేలాడుతుంది. అది ప్రభుత్వ ప్రచురణల బీరువాది.

వ్యవసాయశాఖ పుస్తకాలు, పశువైద్యం పుస్తకాలు, జనాభా లెక్కలు, రాజపత్రాలు, బాలింతల తిండి గురించి రంగు బొమ్మల పుస్తకం... ఏ శాఖకి ఆ శాఖ అచ్చేయించి పంపినవన్నీ అందులోనే చేరతాయి. నవల పోతే దాని వెల కట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. ప్రభుత్వ ప్రచురణకి వెనక అట్ట మీద వెల ఉండదు, పోతే మళ్లీ దొరకదు, ఆడిట్ వాళ్లు ఎంతంటే అంత జీతంలో పట్టేస్తారు. అందుకని లీలా గారు వాటిని కళ్లలో పెట్టుకుని కాపాడేవారు. అంటే, ఎవరి కంటా పడనిచ్చేవారు కాదు. బీరువా తలుపు మీద ఆవిడే గుండ్రటి చేతిరాతతో ఒక అట్ట రాసి అంటించారు: "ప్రభుత్వ ప్రచురణలు. ఇక్కడే చూసుకోవలెను. బయటికి ఇవ్వబడవు."

సోమవారం ఉదయం, ఆవిడ పేపర్లకి కర్రలు తగిలిస్తూ ఉండగా జిల్లా ఆఫీసు నుంచి మన్మథరావు గారు ఫోన్ చేశారు. ఆయన ఈ శాఖలన్నిటికీ పై అధికారి.

"లీలా గారూ, మీ దగ్గర పరీక్షలకి చదువుకునే పిల్లలకి కుర్చీలు చాలడం లేదట. ఆ ప్రభుత్వ ప్రచురణల బీరువా తీసేద్దాం. శుక్రవారం నేనే వస్తాను. పాతకాగితాల వాణ్ణి కూడా తెస్తాను. మీరు ఓ కాగితం సిద్ధం చేసి ఉంచండి."

"ఏం కాగితమండీ?"

"వీటిని పాఠకులెవరూ వాడటం లేదు అని. కింద మీ సంతకం."

"అవి పనికొచ్చే పుస్తకాలండీ," అన్నారు లీలా గారు.

"కాదనడం లేదమ్మా. ఎవరికి పనికొచ్చాయి? ఒక్క పేరు చెప్పండి, ఆపేస్తాను."

లీలా గారు బీరువా వైపు చూశారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పేపరు కర్ర చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. ఇది అన్యాయం అనిపించింది. ఆ వెంటనే, ఆయన అడిగినదాంట్లో తప్పేముంది అని కూడా అనిపించింది. తాళం వేసి పెట్టిన పుస్తకాన్ని ఎవరు వాడతారు? ఎవరూ వాడని పుస్తకాన్ని ఎవరు ఉంచుతారు? మొదటి పని తనది, రెండో పని ఆయనది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక ఆవిడ బీరువా తెరిచి దుమ్ము దులపడం మొదలుపెట్టారు.

లోపల పుస్తకాలన్నీ కొత్త కాగితం వాసన వేస్తూనే ఉన్నాయి. కొన్నిటికి పిన్నులు మాత్రం తుప్పు పట్టాయి. జీడిమామిడి తెగుళ్ల పుస్తకం తెరిస్తే, రంగు బొమ్మలు ఒకదానికొకటి అంటుకుపోయి చిన్నగా చప్పుడు చేస్తూ విడివడ్డాయి. అచ్చయి వచ్చాక వాటి మీద పడిన మొదటి కళ్లు తనవే. ఆవిడకి సిగ్గేసింది.

మధ్యాహ్నం అటెండరు సూరన్న వచ్చి, "అమ్మగారూ, ఎవులో ఆడమనిసి వచ్చిందండి. గవర్నమెంటు పుస్తకమే కావాలంట," అన్నాడు, ఎవరో పులిపాలు అడిగినంత ఆశ్చర్యంగా.

వచ్చినావిడ పేరు లోవలక్ష్మి. ఊరు మాకవరపాలెం అవతల. చెప్పులు మెట్ల కిందే వదిలేసి, అప్పుడే తుడిచిన గదిలోకి వచ్చినట్టు మునివేళ్ల మీద నడిచి వచ్చింది.

"మా జీడితోటలో పూత మాడిపోతందండి. మందుల కొట్టాయన బలం మందు కొట్టమన్నాడు. కొట్టేం. ఇంకో కొట్టాయన మంచు వల్ల అన్నాడు. మా మామ దిష్టి అంటన్నాడు. రైతు సేవా కేంద్రంలో పనిసేసే గుంటడు మాత్రం, గవర్నమెంటోళ్లు బొమ్మల పుస్తకం ఏసేరు, మాకాడ అయిపోనాయి, లైబ్రరీలో ఉంటాది సూసుకో అన్నాడండి. ఈ పూతే మాకు ఏడాది కూడండి."

లీలా గారు గబగబా లేచారు. పొద్దున్న దులిపిన పుస్తకమే తెచ్చి బల్ల మీద తెరిచారు. లోవలక్ష్మి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవగలదు గానీ ఆవిడ చూపంతా బొమ్మల మీదే ఉంది. ఎండి నల్లబడిన పూత బొమ్మలు రెండున్నాయి. ఒకటి టీ దోమ అనే పురుగు రసం పీల్చినది. రెండోది బూజు తెగులు సోకినది. లోవలక్ష్మి ఒక బొమ్మ మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని, తెరిచి, వేలు రెండో బొమ్మ మీదికి జరిపింది.

"ఇదేనేమోనండి. కాదండి, ఇదిగావాల... మేడం గారూ, దీన్ని సెట్టు కాడికి అట్టుకెల్లి పక్కనెట్టి సూసుకోవాలండి. సాయంత్రానికి తెచ్చిచ్చీస్తాను."

"బయటికి ఇవ్వకూడదమ్మా. ఫోన్లో ఫొటో తీసుకుంటారా?"

లోవలక్ష్మి జాకెట్లోంచి బొత్తాల ఫోను తీసి చూపించింది. "పెద్దఫోను మా ఆయన అట్టుకెల్లీసేరండి. మేస్త్రీ పనికి ఎల్లేరు."

"మరి ఇక్కడే చూసుకోవాలమ్మా. రూలది," అన్నారు లీలా గారు. అంటూ బీరువా మీది అట్ట వైపు చూపించారు. ఆ మాట తన నోటే వినడం ఆవిడకి ఆ రోజు ఏమీ బాగాలేదు.

లోవలక్ష్మి లేచి వెళ్లి అట్ట ముందు నిలబడి, పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. "ఇక్కడే... సూసుకో... వలెను. అలాగేనండి. ఇక్కడే సూసుకుంటాను," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపూ లేదు. రూలు తెలుసుకుని, తలూపి వెళ్లిపోయింది. ఇక రాదు అనుకున్నారు లీలా గారు. పుస్తకం బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి పిన్నీసుకి తగిలించుకున్నారు.

మంగళవారం ఉదయం గ్రంథాలయం తలుపు సగమే తెరిచి ఉంది. ఆ సగంలోంచి ముందు ఆకులు వచ్చాయి. తరవాత కొమ్మ వచ్చింది. కొమ్మ వెనకాల లోవలక్ష్మి వచ్చింది.

మనిషి ఎత్తు కొమ్మ. మొదలుకి తడిగుడ్డ చుట్టి ఉంది. చివర్లలో పూత గుత్తులు, సగం ఎర్రగా, సగం నల్లగా. ఆటోలో ఎక్కించుకోనంటే పక్కన కట్టించుకుని వచ్చిందట. పోటీ పరీక్షలకి చదువుకునే వాళ్లు పుస్తకాలు గుండెలకి హత్తుకుని రెండు కుర్చీలు వెనక్కి జరిగారు.

"ఏటి పిన్నీ, తోట తెచ్చీసేవా?" అన్నాడు సూరన్న.

"పుస్తకం బయటికి ఇవ్వరంట కదేటి. సెట్టు తేలేను, కొమ్మ తెచ్చేను," అంది లోవలక్ష్మి.

లీలా గారు కొమ్మని తీసుకెళ్లమని చెప్పడానికే లేచారు. లేచిన మనిషికి ఎదురుగా తన గుండ్రటి చేతిరాత కనిపించింది. పుస్తకం బయటికి ఇవ్వకూడదని అందులో ఉంది. కొమ్మ లోపలికి రాకూడదని ఎక్కడా లేదు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, భుజం మీద పిన్నీసు విప్పారు.

"సూరన్నా, బల్ల మీద పాత పేపర్లు పరుచు," అన్నారు.

కొమ్మని బల్ల మీద పడుకోబెట్టి, పక్కన పుస్తకం తెరిచి, ఇద్దరూ వంగారు. లోవలక్ష్మి ఒక లేత చిగురు పట్టుకుని మొదటి బొమ్మ పక్కకి తెచ్చింది. చిగురు మీద నల్లటి మచ్చలు, బొమ్మలో చిగురు మీదా అవే మచ్చలు. రెండో బొమ్మ పక్కన పెట్టింది. సరిపోలేదు. ఆకు తిప్పి చూద్దామని ఆకు తిప్పగానే లీలా గారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఆకు అడుగున ఇటుక రంగు ఒళ్లు, నల్లటి తల ఉన్న సన్నటి పురుగు ఒకటి ఉంది. దారి పొడవునా ఆటో కుదుపులకి కూడా ఆకు వదల్లేదంటే అది మొండిదే అయి ఉండాలి.

"అదేనండి! బొమ్మలో ఉన్నాడు సూడండి, ఈడే! ఈడేనండి దొంగ!" లోవలక్ష్మి గొంతుకి గదంతా తలెత్తింది. వెనక్కి జరిగిన కుర్చీలు మళ్లీ ముందుకి జరిగాయి.

లీలా గారు ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతారు. ఆ చదివే గొంతు వేరే, మాట్లాడే గొంతు వేరే. ఇప్పుడు ఆవిడకి తెలియకుండానే ఆ గొంతు వచ్చేసింది. టీ దోమ లేత చిగుళ్లనీ, పూత కాడల్నీ ఆశించును. ఉదయం, సాయంత్రం వేళల్లో బయటికి వచ్చును. ఎండ ముదిరిన తరువాత ఆకుల చాటున దాగి ఉండును. ఆ గొంతులో అవి కూడా పరిశుద్ధమైన మాటల్లాగే వినిపించాయి. సూరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మావోళ్లు మిట్టమద్దేనం కొట్టేరండి," అంది లోవలక్ష్మి నెమ్మదిగా. "అప్పుడు ఆడు లోపల పడుకున్నాడు గావాల. మొదలికి కూడా తడిపీసేరు. ఆడేమో చిగుళ్ల మీదున్నాడు." తరవాత ఒక్కసారిగా నవ్వేసింది. "దిష్టి కాదండి! నాను ఇంట్లో కాలెట్టిన ఏళ అంటన్నాడు మా మామ, పూత పోయినప్పుడల్లా. నా కాలు కాదండి, ఈడి మూతి!"

మందు పేరూ, ఎంత కలపాలో, ఎప్పుడెప్పుడు కొట్టాలో మళ్లీ చదివించుకుని, నోటితో అనుకుని, కొమ్మని భుజానికెత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగి అంది: "మా ఊర్లో సెప్తానండి. సెరుకోళ్లున్నారు, గేదిలోళ్లున్నారు. ఇలాంటివి ఉన్నాయని మాకేటి తెల్సు?"

"చెప్పండి. కానీ శుక్రవారం దాకానే," అన్నారు లీలా గారు. ఎందుకు చెప్పారో ఆవిడకే తెలియదు. "ఆ రోజు వీటిని పాతకాగితాల కింద తీసుకెళ్లిపోతారు. ఎవరూ వాడటం లేదని నేను సంతకం పెట్టాలి."

లోవలక్ష్మి భుజం మీది కొమ్మని ఒకసారి చూసుకుంది. బీరువాని ఒకసారి చూసింది.

"ఎవులూ వాడ్డం లేదనాండి? మరి నానెవుల్ని?" అంది. అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

బుధవారం సింహాద్రి అనే చెరుకు రైతు ఒక గడల మోపుతో దిగాడు. చెరుకు ఎందుకు ఎండిపోతోందో తెలియాలి. కత్తి కూడా తెచ్చుకున్నాడు. పుస్తకంలో గడని నిలువునా చీల్చి చూడమని ఉంటే, గ్రంథాలయం బల్ల మీదే చీల్చాడు. లోపల ఎర్రగా, మధ్యమధ్య తెల్లటి అడ్డచారలతో, పులిసిన వాసన వేస్తూ ఎర్రకుళ్లు తెగులు బయటపడింది. అందరికీ బాధే వేసింది గానీ, ఆ గడల ముక్కలు మళ్లీ విత్తనంగా నాటకూడదని తెలిసినందుకు సింహాద్రి చీల్చిన గడకి దణ్ణం పెట్టాడు. గురువారం ఒకాయన మూట విప్పి తన పొలం మట్టి బల్ల మీద పోశాడు. ఒకావిడ ఎదగని చంటిపిల్లాణ్ణి తెచ్చి, తిండి పుస్తకంలోని పిల్లాడి పక్కన పడుకోబెట్టి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి ఏ వయసుకి ఏం పెట్టాలో లీలా గారు చదివి వినిపిస్తుంటే, కుర్చీలు చాలడం లేదని జిల్లా ఆఫీసుకి ఫిర్యాదు రాసిన అమ్మాయే లేచి ఆ తల్లికి కుర్చీ వేసింది.

ఈ రెండు రోజులూ బీరువా తలుపు మూతపడలేదు. మొదటి రోజు లీలా గారు ప్రతి పుస్తకం వెనకా నీడలా నిలబడ్డారు. పేజీ మీద తడిచెయ్యి పడితే ఆవిడ వెంటనే కొంగుతో ఒత్తేవారు. రెండో రోజుకి నిలబడే తీరిక లేకపోయింది. చదివి చదివి గొంతు బొంగురుపోయింది. సాయంత్రం సూరన్న ఫినాయిలు నీళ్లతో నేల కడుగుతూ, "అమ్మగారూ, మన లైబ్రరీకి ఇంత మట్టి ఎప్పుడూ రాలేదండి," అన్నాడు. అది ఫిర్యాదులా అనలేదు.

అయినా ఆ సాయంత్రం లీలా గారు నెమ్మదిగా ఇంటికి నడిచారు. సంతకం పెట్టాల్సిన ఆ కాగితం సంచీలోనే ఉంది. చెప్పడానికి ఇప్పుడు పేర్లున్నాయి, కానీ ఫోన్ చేసే ధైర్యం రాలేదు. మన్మథరావు గారు చెడ్డవారు కాదు, మొండివారు అంతే. ఆయన ఒకసారి నిర్ణయించుకున్నదాన్ని మార్చుకోగా ఆవిడ చూడలేదు. ఆయన ఎదురుగా నోరు తెరిచి వద్దనగా తనని తానూ చూసుకోలేదు.

శుక్రవారం మన్మథరావు గారి జీపు వెనకాలే పాతకాగితాల ఆటో కూడా వచ్చి ఆగింది. తక్కెడతో దిగినవాడు మెట్ల దగ్గరే ఆగిపోయాడు. లోపలికి వెళ్లడానికి దారి లేదు. మెట్ల కింద చెప్పులే చెప్పులు. లోవలక్ష్మి మాట విని, ఇదే ఆఖరు రోజని, ముందు వచ్చినవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి వచ్చారు. మన్మథరావు గారు గడప దాటి, చెరుకు పిప్పి తొక్కి, జీడాకులు తప్పించుకుని, హాలు మధ్యలో నిలబడి తనకి ఎప్పుడూ వేసే కుర్చీ కోసం వెతికారు. అందులో కొయ్యూరు వైపు కొండ ఊరి సోమలమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో ఒక మేకపిల్ల ఉంది. మేకపిల్ల మూతి నిండా పుళ్లు. ఆవిడ పక్కన లీలా గారు పశువైద్యం పుస్తకం పట్టుకుని నేల మీద గొంతుక్కూర్చుని చదువుతున్నారు.

"ఏంటమ్మా ఇది? లైబ్రరీయా, సంతా?"

లీలా గారు లేచి నిలబడ్డారు. "పాఠకులండీ. ప్రభుత్వ ప్రచురణలు చూసుకోవడానికి వచ్చారు."

"మేకతోనా?"

"మేక కోసమేనండీ."

అవతల బల్ల దగ్గర రెండో కొమ్మతో వచ్చిన లోవలక్ష్మి కిసుక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మన్మథరావు గారు ఏదో అనబోతుండగా సోమలమ్మ పట్టు సడలింది. మేకపిల్ల కిందికి దూకి, జీడాకు ఒకటి రుచి చూసి, నచ్చక, ఆయన బూట్ల దగ్గరికి వచ్చి తన పని తాను కానిచ్చింది. నల్లటి ఉండలు గచ్చు మీద నాలుగువైపులా దొర్లాయి.

"ఛీ ఛీ! ఏమిటమ్మా ఈ గోల! ఇవన్నీ ఇక్కడికి తెచ్చుకోవడం దేనికి? ఆ పుస్తకాలేవో వీళ్ల చేతికిచ్చి ఇళ్లకి పంపించేయలేరా?"

 లీలా గారికి ఆయన అన్నది అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఒక అడుగు ముందుకి వేశారు.

"బయటికి ఇవ్వకూడదని రూలు కదండీ," అన్నారు.

"ఎక్కడుంది?"

ఆవిడ బీరువా మీది అట్ట చూపించారు. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు. "ఇది ఎవరు రాశారు?"

"నేనేనండీ. వెనకటి సార్ నోటిమాటగా చెప్పారు. ఒకటి పోతే జీతంలో పట్టుకుంటామన్నారు."

"నోటిమాటే కదా? నేను చెప్తున్నా, ఇచ్చి పంపించండి. ముందు ఆ మేకని పంపించండి!"

అంతకుముందు లీలా గారైతే అలాగేనండీ అనేవారు. ఇప్పుడు ఆవిడ సంచీలోంచి ఒక తెల్లకాగితం తీసి, బల్ల మీద చెరుకు పిప్పి చేత్తో తుడిచి, కాగితం అక్కడ పెట్టి, పెన్ను మూత తీసి ఆయనకి అందించారు.

"నోటిమాటకి భయపడే ఇన్నాళ్లూ తాళం వేశానండీ. ఇది రాసివ్వండి. పాఠకులకి ఇంటికి ఇవ్వవచ్చని. చిరిగినా, మరకపడినా లైబ్రేరియన్ జీతంలో పట్టకూడదని కూడా."

మన్మథరావు గారు ఆవిడ వైపు చూశారు. ఈ మనిషి ఇంతకుముందు చూసిన మనిషేనా అన్నట్టు చూశారు. ఈలోగా మేకపిల్ల ఆయన సంచీ పట్టీని నోట్లో పెట్టుకుంది. ఆయన పట్టీ లాక్కుని, కుర్చీ లేక నిలబడే, వంగి, బల్ల మీద రాసి సంతకం చేశారు.

"ఇంకో కాగితం ఉంది కదండీ," అన్నారు లీలా గారు, రెండోది తీస్తూ. "వీటిని ఎవరూ వాడటం లేదని. ఇప్పుడు పెట్టమంటారా సంతకం?"

ఆయన గది అంతా ఒకసారి చూశారు. కొమ్మ, గడలు, మట్టిమూట, చంటిపిల్లాడు, మేక. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. పెదవి చివర చిన్న నవ్వు వచ్చి, అధికారి కాబట్టి, ఆగిపోయింది.

"ఒక్క పేరు చెప్పమన్నాను. ఊరిని తెచ్చారు," అన్నారు.

"నేను తేలేదండీ. వాళ్లే వచ్చారు."

"మరి నాకేటి బాబూ?" అన్నాడు మెట్ల మీంచి పాతకాగితాల వాడు. సూరన్న బల్లల మీద పరిచిన పేపర్లన్నీ, మట్టీ చెరుకు రసంతో సహా, చుట్టచుట్టి వాడి చేతిలో పెట్టాడు.

ఆ రోజు లీలా గారు పుస్తకాలు ఇస్తూ ఇస్తూ చెయ్యి నొప్పి పుట్టేదాకా ఇచ్చారు. మట్టి పుస్తకం మట్టి దగ్గరికి వెళ్లింది. పశువైద్యం కొండెక్కింది. లోవలక్ష్మి జీడి పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి, చంటిపిల్లలా భుజానికేసుకుంది. అందరూ వెళ్లాక సూరన్న నేల కడిగాడు. లీలా గారు బీరువా ముందు నిలబడ్డారు. సగం అరలు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ అరని చూస్తే ఆవిడకి ఎప్పుడూ గుండె ఆగినంత పనయ్యేది. ఇప్పుడు మాత్రం పొంగుకొచ్చిన సంతోషానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అట్ట పీకేసి, తాళంచెవిని తీసుకెళ్లి తక్కిన వాటి పక్కన మేకుకి తగిలించారు.

సోమవారం లోవలక్ష్మి వచ్చింది. ఈసారి కొమ్మ లేదు. తువ్వాలు మూట ఒక్కటే ఉంది. మొహంలో వెలుగూ ఉంది, భయమూ ఉంది.

"పొద్దున్న పొద్దున్నే కొట్టేమండి. మొన్న పూసిన పూత ఇంకా ఎర్రగానే ఉందండి, నల్లబడలేదు. మా మామ సెట్టు సెట్టుకీ తిరిగి సూసి, నా కాళ్ల కాసి సూసి, ఏటీ అనకుండా ఎలిపోనాడు." తరవాత గొంతు తగ్గించింది. "కానండి, పుస్తకం పాడైపోనాదండి. ఏటి సేత్తారో సేయండి."

పుస్తకం తెరిచింది. జీడి సొన పడి పేజీ అంచు కాలినట్టు నల్లబడింది. మందు చుక్కలు ఎండి మరకలు కట్టాయి. ఇక టీ దోమ బొమ్మ పక్కనే, ఎవరిదో అరిచెయ్యి గట్టిగా పడ్డట్టుంది, నిజం టీ దోమ ఒకటి చదునుగా అంటుకుపోయి ఉంది. ఇటుక రంగు ఒళ్లు, నల్లటి తల. బొమ్మలో కన్నా స్పష్టంగా ఉంది.

"పోల్చుకుందామని పట్టుకుంటే ఎగిరిపోబోయిందండి. కొట్టీసేను," అంది లోవలక్ష్మి తలొంచుకుని.

లీలా గారు పురుగుని గోటితో గీకేయబోయి, ఆగారు. పేజీని వెలుతురులోకి తిప్పి చూశారు. డ్రాయరులోంచి సన్నటి పారదర్శకమైన టేపు తీసి, ఆ పురుగు మీద బుడగ రాకుండా జాగ్రత్తగా అంటించారు.

"పాడవలేదమ్మా. ఇప్పుడే పూర్తయింది," అన్నారు.

వరసలో వెనకాల నిలబడిన జీడిరైతు ఒకాయన, ఉత్త చేతులతో వచ్చినాయన, మెడ సాచి చూస్తున్నాడు. లీలా గారు పుస్తకం మూసి, అలాగే ఆయన చేతిలో పెట్టేశారు.